ప్రాసెసెస్ పెంచమని అడిగే ముందు

మా డీబీఏ టీమ్‌కి, అంటే డేటాబేస్‌లు చూసుకునేవాళ్లకి, వచ్చే టికెట్లలో పూర్తిగా చదవకుండానే అర్థమైపోయే రకం ఒకటుంది. "డేటాబేస్ కనెక్షన్లు ఇవ్వడం లేదు, అర్జెంట్" అని పైన ఉంటుంది. లోపల ఓఆర్ఏ-00020 అనో, ఓఆర్ఏ-12519 అనో ఒరాకిల్ ఎర్రర్ ఉన్న ఒక స్క్రీన్‌షాట్. కింద ఒక్కటే వాక్యం: దయచేసి ప్రాసెసెస్ పెంచగలరు. అంటే, ఒరాకిల్‌లో ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు ఉండొచ్చో చెప్పే హద్దు. ఐదు నిమిషాల్లో ఫోన్ కూడా వస్తుంది. "అక్కా, 300 ఉందట కదా. 1500 చేసెయ్యండక్కా, గొడవ వదిలిపోతుంది."

నేను వెంటనే ఒప్పుకోను. ఈ విషయంలో నాకు ఆఫీసులో మంచి పేరేమీ లేదు. ఫోన్‌లో వివరంగా చెప్పేంత టైమ్ ఎవరికీ ఉండదు, ప్రొడక్షన్ ఆగిపోయి టెన్షన్‌లో ఉన్నవాళ్లకి క్లాస్ పీకడం భావ్యమూ కాదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను చూసేది ఎక్కువగా లినక్స్ మీద ఒరాకిల్ 19సీ. కమాండ్లు రాయను, అవి మాన్యువల్లో ఉంటాయి. ఎందుకు ఒప్పుకోనో మాత్రం చెబుతాను.

ముందు ఆ నంబర్ దేన్ని లెక్కపెడుతుందో చూద్దాం. ఒరాకిల్ మామూలుగా పనిచేసేది డెడికేటెడ్ పద్ధతిలో. అప్లికేషన్ నుంచి కనెక్షన్ కావాలని రిక్వెస్ట్ 1521 పోర్ట్‌కి వస్తుంది. అక్కడ కాచుకుని ఉన్న లిజనర్ ఒక కొత్త సర్వర్ ప్రాసెస్‌ని పుట్టించి, కనెక్షన్‌ని దాని చేతిలో పెట్టి, తాను పక్కకి తప్పుకుంటుంది. ఆ తర్వాత ఆ క్లయింట్‌కీ ఆ ప్రాసెస్‌కీ మధ్య లిజనర్‌కి పనిలేదు. లిజనర్‌ని ఆపేసినా అప్పటికే లోపలున్నవాళ్ల పని ఆగదు, కొత్తవాళ్లు మాత్రమే రాలేరు. సర్వర్‌లో పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూస్తే, 'లోకల్ ఈక్వల్స్ నో' అనే తోకతో బారులు తీరి కనిపించే ప్రాసెస్‌లు ఇవే. ఆ క్లయింట్ ఒక్క క్వెరీ కూడా పంపకుండా రోజంతా కూర్చున్నా, దాని ప్రాసెస్ దానికి ఉంటుంది.

ప్రాసెసెస్ అనే పారామీటర్ వీటన్నిటికీ కలిపి పై హద్దు. పీమాన్, ఎస్‌మాన్, లాగ్ రైటర్, చెక్‌పాయింట్ లాంటి బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు, జాబ్స్, ప్యారలల్ క్వెరీ ప్రాసెస్‌లు కూడా ఇందులోకే వస్తాయి. కాబట్టి 300 పెడితే అప్లికేషన్‌కి 300 దొరకవు. రాత్రి రిపోర్ట్ ఒకటి ప్యారలల్‌గా నడుస్తుంటే ఇంకా తక్కువ. సెషన్స్ (లోపలున్న లాగిన్ల హద్దు) పారామీటర్‌ని విడిగా పెట్టనవసరం లేదు. ప్రాసెసెస్‌ని 1.5తో గుణించి 22 కలిపి ఒరాకిలే తీసుకుంటుంది. 300కి 472 వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ ఫార్ములా చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ 472లో ఇప్పుడు ఎన్ని వాడుకలో ఉన్నాయో, డేటాబేస్ లేచిన దగ్గర్నుంచి ఎంత ఎత్తుకి వెళ్లిందో చూపించే వీ-డాలర్-రిసోర్స్-లిమిట్ అనే వ్యూ పేరు ఎత్తేవాళ్లు తక్కువ. నేను టికెట్ రాగానే మొదట చూసేది అదే.

చాలాసార్లు అక్కడే ఒక వింత కనిపిస్తుంది. యాప్‌లో ఓఆర్ఏ-12519 వస్తూనే ఉంటుంది. ఇక్కడ చూస్తే హద్దు 300, ఇప్పటి వాడకం 210. మరి ఎందుకు రానివ్వడం లేదు? "డేటాబేస్ ఖాళీగానే ఉందిగా, మీ లిజనర్‌కే ఏదో అయింది" అని యాప్ టీమ్ అంటుంది. ఆ మాటలో సగం నిజం ఉంది.

లోపల ఎంతమంది ఉన్నారో లిజనర్‌కి సొంతంగా తెలియదు. ఇన్‌స్టెన్స్, అంటే నడుస్తున్న డేటాబేస్, అప్పుడప్పుడూ చెబుతూ ఉండాలి. 12సీకి ముందు ఈ పని పీమాన్ చేసేది. 12సీ నుంచి ఎల్‌రెగ్ అని దీనికి విడిగా ఒక ప్రాసెస్ పెట్టారు. ఎల్‌రెగ్ వచ్చి లెక్క చెప్పిన తర్వాత, మళ్లీ వచ్చేదాకా లిజనర్ తాను లోపలికి పంపిన ప్రతి కనెక్షన్‌కీ ఒకటి కలుపుకుంటూ పోతుంది. బయటికి వెళ్లిపోయిన కనెక్షన్ల సంగతి దానికి తెలియదు. కాబట్టి ఒక అప్లికేషన్ కనెక్షన్ తెరిచి, చిన్న క్వెరీ వేసి, మూసేసి, మళ్లీ తెరిచి, ఇలా నిమిషానికి వందలసార్లు చేస్తుంటే, లిజనర్ పుస్తకంలో నంబర్ ఎక్కుతూనే ఉంటుంది. నిజంగా లోపల ఉన్నది 210. లిజనర్ లెక్కలో మాత్రం గది నిండిపోయింది. హ్యాండ్లర్‌ని, అంటే లోపలికి పంపే దారిని, బ్లాక్డ్ అని గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చినవాళ్లని 12516తోనో 12519తోనో తిప్పి పంపేస్తుంది. లిజనర్ కంట్రోల్‌లో సర్వీసెస్ అని అడిగితే ఆ మాట స్పష్టంగా కనిపిస్తుంది.

ఆల్టర్ సిస్టమ్ రిజిస్టర్ అని కొడితే ఎల్‌రెగ్ వెంటనే వెళ్లి సరైన లెక్క చెబుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కొంతమంది దీన్నే నిమిషానికోసారి క్రాన్‌లో పెట్టి, సమస్య తీరిందని సంతోషపడతారు. తీరలేదు. ప్రతి క్వెరీకీ కొత్త కనెక్షన్ తెరిచే కోడ్ అలాగే ఉంది. క్వెరీ రెండు మిల్లీసెకన్లలో అయిపోవచ్చు. దానికోసం ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రాసెస్‌ని పుట్టించాలి, అది ఎస్‌జీఏకి (ఒరాకిల్ ఉమ్మడి మెమరీకి) అతుక్కోవాలి, పాస్‌వర్డ్ సరిచూడాలి, సెషన్ తయారుచేయాలి, ఆడిట్ ఉంటే ఒక రికార్డ్ రాయాలి, పని కాగానే అంతా కూల్చాలి. అసలు పని కంటే రాకపోకలకే ఎక్కువ ఖర్చు.

ఇక పెంచితే ఏమవుతుందన్నది. "మెమరీ కాస్త ఎక్కువ తింటుంది, అంతేగా" అంటారు. ఎంత కాస్తో ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం.

ఒక సర్వర్‌లో 40 జీబీ ఎస్‌జీఏ ఉందనుకోండి. అది షేర్డ్ మెమరీ, ప్రాసెస్‌లన్నీ కలిసి వాడుకునేది. కానీ ఆ మెమరీలో ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజ్ టేబుల్ మాత్రం ప్రతి ప్రాసెస్‌కీ విడిగా ఉంటుంది. లినక్స్‌లో మామూలు పేజీ 4 కేబీ. 40 జీబీని 4 కేబీ ముక్కలు చేస్తే కోటీ నాలుగు లక్షలకి పైనే పేజీలు. ఒక్కో ఎంట్రీకి 8 బైట్లు. అంటే, ఒక ప్రాసెస్ మెల్లగా మొత్తం ఎస్‌జీఏని తాకేసరికి దాని పేజ్ టేబుల్ ఒక్కటే 80 ఎంబీ అవుతుంది. వెయ్యి ప్రాసెస్‌లకి 80 జీబీ! ఎస్‌జీఏకి రెట్టింపు మెమరీ, ఎస్‌జీఏ ఎక్కడుందో గుర్తుపెట్టుకోడానికే పోతుంది. ఈ ఖర్చు ఒరాకిల్ లోపల ఏ వ్యూలోనూ కనిపించదు. ప్రాక్ మెమ్‌ఇన్ఫో ఫైల్లో పేజ్‌టేబుల్స్ అనే లైన్‌లో కనిపిస్తుంది. డీబీఏ పీజీఏ (ఒక్కో ప్రాసెస్ సొంత మెమరీ) రిపోర్ట్ చూసి "మా దగ్గర అంతా బాగుంది" అంటాడు, లినక్స్ అడ్మిన్ "మీ ఒరాకిలే తినేసింది" అంటాడు. ఎవరి కోణంలో వాళ్లు కరెక్టే.

దీనికి మందు హ్యూజ్‌పేజెస్. పేజీ 2 ఎంబీ అయితే అదే 40 జీబీకి 20,480 ఎంట్రీలు చాలు, ప్రాసెస్‌కి 160 కేబీ. మెమరీ టార్గెట్ పెట్టి ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్ వాడుతుంటే హ్యూజ్‌పేజెస్ కుదరవు, దాన్ని తీసేసి ఎస్‌జీఏ టార్గెట్, పీజీఏ టార్గెట్ విడివిడిగా పెట్టుకోవాలి. యూజ్ లార్జ్ పేజెస్‌ని ఓన్లీ అని పెడితే, హ్యూజ్‌పేజెస్ సరిపోనప్పుడు డేటాబేస్ అసలు లేవదు. చాలామంది దీనికి భయపడతారు. నాకైతే అదే ఇష్టం. మెయింటెనెన్స్ రాత్రి లేవకపోతే కూర్చుని సరిచేస్తాను. సోమవారం మధ్యాహ్నం మెమరీ అయిపోయి మెషీన్ ఊగిపోవడం కంటే అది నయం.

పీజీఏ వైపు ఇంకో చిక్కుముడి ఉంది. 12సీలో పీజీఏ అగ్రిగేట్ లిమిట్ వచ్చింది. దాని కనీస విలువ ప్రాసెసెస్‌తో ముడిపడి ఉంటుంది, ప్రాసెస్‌కి 3 ఎంబీ లెక్కన. ఎవరో ఎప్పుడో ఆ లిమిట్‌ని 2 జీబీ అని చేత్తో పెట్టి మరిచిపోయి ఉంటారు. మీరు ప్రాసెసెస్‌ని 300 నుంచి 1500 చేస్తారు. ఇది స్టాటిక్ పారామీటర్, నడుస్తుండగా మారదు, పారామీటర్లు దాచుకునే స్పీఫైల్‌లో రాసి రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేస్తే ఓఆర్ఏ-00093 అని చెప్పి డేటాబేస్ లేవనంటుంది. 1500ని మూడుతో గుణిస్తే 4500 ఎంబీ, రెండు జీబీ ఎక్కడ సరిపోతుంది? కనెక్షన్ల కోసం వెళ్లి, మొత్తం డేటాబేస్‌నే కింద పెట్టుకుని కూర్చోవడం అన్నమాట. పీఫైల్ (చేత్తో దిద్దుకోగల పారామీటర్ ఫైల్) తీసుకుని సరిచేస్తే పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాలూ బ్రిడ్జ్ కాల్‌లో పాతికమంది వింటూ ఉంటారు.

మెమరీ డబ్బు పెడితే వస్తుంది. సీపీయూ కోర్ల సంగతి అలా కాదు. పదహారు కోర్లున్న మెషీన్‌లో ఏ క్షణంలోనైనా నిజంగా నడిచేది పదహారు ప్రాసెస్‌లే. డిస్క్ కోసం ఆగేవి కొన్ని ఉంటాయి కాబట్టి ఇంకొన్ని ఎక్కువ ఉంటే మంచిదే. కానీ వెయ్యి ప్రాసెస్‌లు ఒకేసారి పని అడిగితే, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ల్యాచ్ (ఉమ్మడి మెమరీని కాపాడే చిన్న తాళం) పట్టుకున్న ప్రాసెస్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ పక్కన పెట్టేస్తుంది, ఆ ల్యాచ్ కోసం మిగతావన్నీ తిరుగుతూ సీపీయూ కాలుస్తాయి. ఒరాకిల్ వాళ్ల రియల్ వరల్డ్ పెర్ఫార్మెన్స్ గ్రూప్ దీని మీద ఒక ప్రదర్శన చేసింది, వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. అప్లికేషన్‌లో వేరే ఏమీ ముట్టుకోకుండా కనెక్షన్ పూల్‌ని, అంటే ముందే తెరిచిపెట్టి పంచుకునే కనెక్షన్ల గుంపుని, వేలల్లోంచి వందలోపుకి తగ్గిస్తే, రెస్పాన్స్ టైమ్ దాదాపు 100 మిల్లీసెకన్ల నుంచి 2 మిల్లీసెకన్లకి పడిపోయింది. జావా వాళ్లు వాడే హికారీ పూల్‌లో డిఫాల్ట్ సైజు 10 అని ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ 10ని చూసి నవ్వి, 100 అని మార్చుకునే టీమ్‌లే ఎక్కువ.

ఇప్పుడు మైక్రోసర్వీసుల కాలం. ఒక్కో టీమ్‌ని అడగండి, "మా పూల్ యాభయ్యే అక్కా" అంటారు. నిజమే చెబుతారు. అలాంటి సర్వీసులు ఆరు. ఒక్కోటి నాలుగు పాడ్లు, అంటే అదే సర్వీస్‌కి నాలుగు కాపీలు. యాభై ఇంటూ నాలుగు ఇంటూ ఆరు, 1200. ఈ గుణకారం ఎవరి డాక్యుమెంట్‌లోనూ ఉండదు, డేటాబేస్‌లో మాత్రమే కనిపిస్తుంది. పైగా ఆటోస్కేలింగ్ ఒకటి. ఏదో ఒక క్వెరీ ప్లాన్ మారి డేటాబేస్ నెమ్మదించిందనుకోండి. రిక్వెస్ట్‌లు పేరుకుంటాయి, పాడ్ల సీపీయూ పెరుగుతుంది, పాడ్లని నడిపే కుబర్నెటీస్ ఇంకో నాలుగు పాడ్లు లేపుతుంది, అవి లేస్తూనే ఒక్కోటి యాభై కనెక్షన్లు తెరుస్తాయి. మూలిగే నక్క మీద తాటిపండు. దీన్ని మేం లాగాన్ స్టార్మ్ అంటాం. అప్పుడు ప్రాసెసెస్ హద్దు 300 దగ్గర ఉండడమే మేలు. కొత్తవాళ్లకి ఎర్రర్ వస్తుంది, లోపలున్నవాళ్ల పని జరుగుతుంది. హద్దు 1500 దగ్గర ఉంటే అందరూ లోపలికొస్తారు, ఎవరి పనీ జరగదు.

నా లెక్క ఇలా ఉంటుంది. డేటాబేస్ మెషీన్‌లో కోర్లు ఎన్నో చూసి, అన్ని పూల్స్ మొత్తం కోర్‌కి పది దాటకుండా పంచుతాను. పదహారు కోర్లయితే 160. ఆ పైన బ్యాచ్‌కి, మానిటరింగ్‌కి, మా డీబీఏలకి కొంత వదిలి ప్రాసెసెస్ పెడతాను. పూల్‌లో కనిష్ఠం, గరిష్ఠం ఒకే నంబర్ ఉంచమంటాను, పూల్ ఉబ్బడం తగ్గడం అనే ఆట లేకుండా. పంపకాల దగ్గర గొడవలు అవుతాయి, అన్నదమ్ముల ఆస్తి తగాదా లాగే. కానీ ఒకసారి స్ప్రెడ్‌షీట్‌లో సర్వీస్ పేరు, పాడ్లు, పూల్ సైజు, గుణకారం వేసి అందరికీ చూపిస్తే సగం మంది తమంతట తామే తగ్గించుకుంటారు.

అయితే అన్ని అప్లికేషన్లకీ పూల్ పెట్టుకునే అవకాశం ఉండదు. పీహెచ్‌పీ సంగతి తీసుకోండి. అక్కడ ఒక్కో రిక్వెస్ట్‌ని ఒక్కో విడి వర్కర్ ప్రాసెస్ చూస్తుంది. ఒక వర్కర్ తెరిచిన కనెక్షన్‌ని పక్క వర్కర్ వాడుకోలేదు. కాబట్టి మధ్యలో పూల్ అనేదే కుదరదు. పర్సిస్టెంట్ కనెక్షన్ పెడితే ఎన్ని వర్కర్లో అన్ని కనెక్షన్లు, ఎప్పటికీ. పెట్టకపోతే ప్రతి పేజీకీ ఒక లాగిన్.

ఒక యూనివర్సిటీ రిజల్ట్స్ సైట్ ఇలాగే ఉండేది. మామూలు రోజుల్లో దాని మొహం చూసేవాళ్లు ఉండరు. ఫలితాలు వదిలే రోజు పదకొండు గంటలకి పిల్లలు, తల్లిదండ్రులు, మేనమామలు, నెట్ సెంటర్ల వాళ్లు అందరూ ఒకేసారి హాల్ టికెట్ నంబర్ కొడతారు. రాకపోతే మళ్లీ మళ్లీ కొడతారు. క్వెరీ చూస్తే ఒక్క ఇండెక్స్ లుకప్, దాన్ని ఇంకా ట్యూన్ చేయడానికి ఏమీ లేదు. రెండు వెబ్ సర్వర్లు, ఒక్కోదాంట్లో నాలుగు వందల వర్కర్లు. డేటాబేస్ సర్వర్ సీపీయూ అంతా లాగిన్లలోనే కరిగిపోయేది. ప్రతి ఏడాదీ ప్రాసెసెస్ పెంచుతూ వచ్చారు, ప్రతి ఏడాదీ సైట్ పడుతూనే ఉంది, మర్నాడు పేపర్లో రెండు కాలమ్‌ల వార్త.

ఇలాంటి చోటుకే ఒరాకిల్ 11జీలో డేటాబేస్ రెసిడెంట్ కనెక్షన్ పూలింగ్ తెచ్చింది, పొట్టిగా డీఆర్‌సీపీ. పూల్ అప్లికేషన్ వైపు కుదరకపోతే డేటాబేస్ లోపలే పెడదామని. సిద్ధంగా కూర్చున్న సర్వర్ ప్రాసెస్‌లు కొన్ని ఉంటాయి, పీఎస్‌లో ఎల్000, ఎల్001 అని కనిపిస్తాయి. కనెక్షన్ బ్రోకర్ అని ఎన్000 ఉంటుంది. క్లయింట్ పని అడిగినప్పుడు బ్రోకర్ ఒక ఖాళీ ప్రాసెస్‌ని, సెషన్‌తో సహా అప్పగిస్తుంది. పని అయ్యాక వదిలేస్తే అది పూల్‌కి తిరిగొస్తుంది. పని లేనప్పుడు క్లయింట్ బ్రోకర్‌కి మాత్రమే అతుక్కుని ఉంటుంది, దానికి పట్టేది కొద్ది కేబీలే. ఒరాకిల్ డాక్యుమెంటేషన్లో ఐదు వేల క్లయింట్లకి ఒక ఉదాహరణ ఇచ్చారు. సెషన్‌కి 400 కేబీ, సర్వర్ ప్రాసెస్‌కి 4 ఎంబీ, ఒకేసారి నిజంగా పనిచేసేవి వంద అనుకుంటే, డెడికేటెడ్‌లో 22 జీబీ, షేర్డ్ సర్వర్‌లో రెండున్నర జీబీ, డీఆర్‌సీపీలో 615 ఎంబీ.

ఆన్ చేయడం తేలిక. ఒక ప్యాకేజీలో స్టార్ట్ పూల్ అని పిలవాలి, కనెక్షన్ స్ట్రింగ్ చివర పూల్డ్ అని తగిలించాలి. కష్టమంతా డిఫాల్ట్‌లని అలాగే వదిలేస్తే వస్తుంది. పూల్ గరిష్ఠం 40, కనిష్ఠం 4. ఫలితాల రోజుకి ఇది చాలదు, మేం కనిష్ఠాన్నీ పైకి తెచ్చి పెట్టాం, పదకొండు గంటలకి కొత్త ప్రాసెస్‌లు పుట్టించే పని పడకుండా. మ్యాక్స్ థింక్ టైమ్ 120 సెకన్లు. అంటే, ప్రాసెస్ తీసుకున్న క్లయింట్ రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే కనెక్షన్ తెగుతుంది. మార్కులు చూపించే పేజీకి ఇది ఇంకా తక్కువే చాలు. అదే డేటాబేస్ మీద క్లర్కులు ఎంట్రీ చేసే స్క్రీన్ కూడా ఉంటే దాన్ని డీఆర్‌సీపీలోకి తేకుండా డెడికేటెడ్‌లోనే ఉంచడం మంచిది.

పీహెచ్‌పీ కాన్ఫిగరేషన్ ఫైల్లో కనెక్షన్ క్లాస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పూల్ ఉన్నా లాభం సరిగ్గా రాదు. ఒకే యూజర్, ఒకే కనెక్షన్ క్లాస్ అయితేనే పాత సెషన్‌ని మళ్లీ వాడనిస్తుంది. క్లాస్ చెప్పకపోతే, ఎవరి సెషన్‌లో ఏం మిగిలి ఉందోనని జాగ్రత్తపడి కొత్తది తయారుచేస్తుంది. పనిచేస్తుందో లేదో వీ-డాలర్-సీపూల్-స్టాట్స్‌లో తెలుస్తుంది. రిక్వెస్ట్‌లు ఎన్ని, హిట్స్ ఎన్ని, మిస్‌లు ఎన్ని, ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చింది. హిట్స్ రిక్వెస్ట్‌లకి దగ్గరగా ఉంటే బాగున్నట్టు. ఆ ఏడాది పదకొండున్నరకి ఆ నంబర్లు చూస్తూ టీ తాగాం. సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోందని వాట్సాప్‌లో తిట్టినవాళ్లు ఉన్నారు, పడిపోయిందని తిట్టినవాళ్లు లేరు.

షేర్డ్ సర్వర్ గురించి కూడా అడుగుతారు, ముఖ్యంగా అమీర్‌పేటలో కోర్సు చేసి కొత్తగా వచ్చిన పిల్లలు. నేనూ అక్కడే మైత్రీవనం పక్క సందుల్లో జిరాక్స్ మెటీరియల్ కొనుక్కుని చదివినదాన్ని, అప్పుడు దీన్ని పాత పేరుతో ఎంటీఎస్ అని చెప్పేవాళ్లు. ఒరాకిల్ 7లో మల్టీ థ్రెడెడ్ సర్వర్‌గా వచ్చింది, 9ఐలో షేర్డ్ సర్వర్ అయింది. రద్దీగా ఉన్న టిఫిన్ సెంటర్‌ని ఊహించుకోండి. ఆర్డర్ తీసుకునే కుర్రాళ్లు డిస్పాచర్లు, పీఎస్‌లో డీ000, డీ001. వంటవాళ్లు షేర్డ్ సర్వర్లు, ఎస్000, ఎస్001. ఏ కుర్రాడు తెచ్చిన చీటీ అయినా వంటింట్లో ఒకే మేకుకి గుచ్చుతారు, ఏ వంటవాడు ఖాళీగా ఉంటే వాడు తీస్తాడు. తయారైన ప్లేటు మాత్రం ఏ కుర్రాడి చీటీయో ఆ కుర్రాడి బల్ల మీదే పెట్టాలి. రిక్వెస్ట్ క్యూ అందరికీ ఒకటే, రెస్పాన్స్ క్యూ డిస్పాచర్‌కి ఒకటి అన్నది ఇదే.

చిన్న చిన్న పనులకి ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎవరైనా పెద్ద రిపోర్ట్ వేస్తే ఒక వంటవాడు దానికే అయిపోతాడు, నలుగురు వేస్తే వంటిల్లు ఆగుతుంది. సెషన్ తాలూకు మెమరీ పీజీఏలోంచి ఎస్‌జీఏలోకి వస్తుంది కాబట్టి లార్జ్ పూల్ పెట్టుకోవాలి, లేకపోతే షేర్డ్ పూల్‌ని తింటుంది. డిస్పాచర్ మీదుగా వచ్చి డేటాబేస్‌ని ఆపడం, లేపడం కుదరదు. ఇప్పుడు నడిమధ్యన పూల్ పెట్టుకునే జావా అప్లికేషన్లే ఎక్కువ, వాటికి దీని అవసరం లేదు. క్లయింట్ సర్వర్ పద్ధతిలో వందలమంది డెస్క్‌టాప్‌ల నుంచి నేరుగా తగులుకునే పాత ఈఆర్‌పీ ఏదైనా ఉంటే తప్ప నేను సూచించను. "మేం పెట్టకపోయినా డీ000, ఎస్000 ఎందుకు కనిపిస్తున్నాయక్కా?" అని అడిగితే, అది డీబీసీఏ (డేటాబేస్ తయారుచేసే టూల్) ఎక్స్ఎమ్ఎల్ డీబీ కోసం పెట్టిన డిస్పాచర్. ఇంటర్వ్యూలో అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

ప్రాసెస్‌లు నిండిపోవడానికి యాప్ టీమ్ తప్పు లేని కారణం ఒకటుంది, అది నెట్‌వర్క్‌లో ఉంటుంది. అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఫైర్‌వాలో, లోడ్ బ్యాలెన్సరో ఉంటే, కాసేపు మాటలు లేని కనెక్షన్‌ని అది నిశ్శబ్దంగా మరిచిపోతుంది. రెండు చివరలకీ చెప్పదు. ఏడబ్ల్యూఎస్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో టీసీపీకి ఆ గడువు డిఫాల్ట్‌గా 350 సెకన్లు, అజూర్‌లో 4 నిమిషాలు. పూల్ ఆ కనెక్షన్ వాడబోతే ఓఆర్ఏ-03113 లాంటిది వస్తుంది, దాన్ని పారేసి కొత్తది తెరుస్తుంది. డేటాబేస్ వైపు పాత ప్రాసెస్ మాత్రం ఎప్పటికీ రాని క్లయింట్ కోసం ఎదురుచూస్తూ అలాగే ఉంటుంది. అవతలివాళ్లు ఉన్నారా అని చూసే లినక్స్ కీప్‌అలైవ్ డిఫాల్ట్ 7200 సెకన్లు, అంటే రెండు గంటల దాకా అనుమానం కూడా రాదు.

క్లయింట్ ఇంకా ఉందా అని ఒరాకిలే అప్పుడప్పుడూ తట్టి చూసేలా, సర్వర్ వైపు ఎస్‌క్యూఎల్‌నెట్ ఫైల్లో ఎక్స్‌పైర్ టైమ్ పెట్టాలి. దాని విలువ నిమిషాల్లో. అందరూ 10 అని కాపీ కొడతారు. మధ్యలో అజూర్ బ్యాలెన్సర్ ఉంటే నాలుగు నిమిషాలకే తెగుతుంది, పది ఏం చేస్తుంది? మూడో రెండో పెట్టండి. మార్చాక వచ్చిన కనెక్షన్లకే అది వర్తిస్తుంది. ప్రొఫైల్లో ఐడిల్ టైమ్ పెట్టి ఇది తీరుతుందనుకునేవాళ్లు ఒక్కసారి వీ-డాలర్-సెషన్ చూడండి. స్నైప్డ్ అని ఉంటాయి. సెషన్ చచ్చింది కానీ, క్లయింట్ మళ్లీ వచ్చి ఎర్రర్ తీసుకునేదాకా ప్రాసెస్ పోదు, ఆ ప్లేస్ ఖాళీ కాదు. 12.2 నుంచి మ్యాక్స్ ఐడిల్ టైమ్ అనే పారామీటర్ వచ్చింది, అది నేరుగా సెషన్‌ని ముగిస్తుంది. పూల్స్ ఉన్న డేటాబేస్‌లో దాన్ని పెట్టేటప్పుడు పూల్ లైఫ్‌టైమ్ కంటే ఎక్కువ ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఆరోగ్యంగా ఉన్న కనెక్షన్లని మనమే చంపుతుంటాం.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాళ్లు ఇది చదివి నవ్వుకుంటుంటే కాస్త ఆగండి. అక్కడా కనెక్షన్‌కి ఒక ప్రాసెస్సే, మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, పెంచితే రీస్టార్టే. అందుకే మధ్యలో పూల్ పెట్టే పీజీబౌన్సర్ పుట్టింది. కాకపోతే అక్కడ సూపర్‌యూజర్ కోసం మూడు సీట్లు ముందే తీసిపెడతారు. ఈ పద్ధతి ఒరాకిల్‌కి ఉండుంటే నాకు కొన్ని రాత్రులు మిగిలేవి.

ఎందుకంటే 00020 నిజంగా వచ్చినప్పుడు సిస్‌డీబీఏకి (డీబీఏల అడ్మిన్ లాగిన్‌కి) కూడా చోటు ఉండదు. అప్పుడు ఎస్‌క్యూఎల్ ప్లస్‌ని ప్రిలిమ్ ఆప్షన్‌తో తెరవచ్చు. సెషన్ లేకుండా మెమరీకి మాత్రం అతుక్కుంటుంది, వ్యూలు చదవలేం, షట్‌డౌన్ అబార్ట్, ఒరాడీబగ్ లాంటివి చేయొచ్చు. కంగారులో చాలామంది అబార్ట్ కొట్టేస్తారు. నేను అంతదాకా వెళ్లను. ముందు యాప్ టీమ్‌ని ఒక పాడ్ ఆపమంటాను, యాభై సీట్లు మర్యాదగా ఖాళీ అవుతాయి. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే పీఎస్‌లో 'లోకల్ ఈక్వల్స్ నో' ఉన్నవాటిలో పాతదై ఉండి, సీపీయూ దాదాపు వాడనిదాన్ని ఒకటి చూసి కిల్ చేస్తాను. దాని ట్రాన్సాక్షన్ ఏదైనా ఉంటే పీమాన్ వెనక్కి తిప్పేస్తుంది. ఆ తోక లేని ప్రాసెస్ జోలికి మాత్రం పోకూడదు. లాగ్ రైటర్‌ని కిల్ చేస్తే మొత్తం ఇన్‌స్టెన్స్ పోతుంది.

ఆ ఒక్క సీటు దొరకగానే లోపలికి వెళ్లి వీ-డాలర్-సెషన్‌ని మెషీన్, ప్రోగ్రామ్, స్టేటస్ వారీగా గ్రూప్ చేసి లెక్కపెడతాను. ఎప్పుడూ ఒకటో రెండో మెషీన్ల పేర్లు పైన ఉంటాయి, ఎదురుగా వందల్లో ఇనాక్టివ్. ఆ అవుట్‌పుట్‌ని టికెట్‌లో అంటించి, దాన్ని తెరిచినవాళ్లకే తిరిగి అసైన్ చేస్తాను.